టామీకి తెరిచిన గడప

మీరెప్పుడైనా కుక్కను చూసి కుళ్లుకున్నారా? తడిసిన గోనెపట్టా వాసనొస్తే నాకిప్పటికీ ఆ కుళ్లు గుర్తొస్తుంది.

మా అమ్మ కూలికెళ్లి మిరపకాయల తొడిమలు తీసే ఓ రైతు ఇంట్లో టామీ అనే కుక్క ఉండేది. తడి చేలో తిరిగొస్తే దాని కాళ్లకు నల్లరేగడి అంటుకునేది. ఆ ఇంటి అమ్మగారు దాన్ని గడప ముందు గోనెపట్టా మీద నిలబెట్టి, మట్టి ఆరాక నలిపి రాల్చి, వేళ్ల సందులు తడిగుడ్డతో తుడిచి లోపలికి పంపేవారు.

ఒకరోజు అమ్మతో తొడిమలు తీస్తున్నదాన్ని లేచి, నేనూ అలాగే తడిగుడ్డతో కాళ్లు తుడుచుకున్నాను.

"నా కాళ్లూ శుభ్రమేనండీ!"

"నువ్వు రాకూడదే. అక్కడే ఉండు," అన్నారు అమ్మగారు. టామీ లోపలికెళ్లి మంచం మీదికెక్కింది.

సరిగా తుడవలేదేమోనని ఈసారి చేతుల్తో రుద్దుకున్నాను. కాళ్లు భగ్గుమన్నాయి.

"మిరపకాయల చేతుల్తో రుద్దుతావేంటే, పిచ్చిదానా!" అంది అమ్మ.

నన్ను ఆపింది కాళ్ల మట్టి కాదని, ఊరి బయట నేను పుట్టిన పేట, మా కులమేనని చాలా ఏళ్లకు తెలిసింది. మీ ఇంట్లో పనిచేసేవాళ్లు గడప బయట కూర్చుని ఉంటే, ఇప్పుడే లేవండి. లోపలికి పిలిచి కుర్చీ వేయండి.