నేను తిన్న వడ్రంగిపిట్టలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చిలవలు పలవలు చేర్చే మనిషిని. మా ఇంట్లో తేలు కనబడితే, ఆ సంగతి నేను వీధి చివర చెప్పేసరికి దానికి మీసాలు కూడా మొలుస్తాయి. కాబట్టి కింద రాసినదాంట్లో కొంత తీసేసి చదవండి. ఏది తీసేయాలో చివర్లో నేనే చెబుతాను.

ఆ రోజుల్లో, అంటే నిజాం జమానా ఆఖరి రోజుల్లో, వరంగల్‌లో పందొమ్మిదేళ్ల కుర్రవాడికి రెండే దారులు. ఒకటి సర్కారీ నౌకరీ, రెండోది నాయన దుకాణం. మా నాయనది మిర్చి దుకాణం. నాకు ఆ ఘాటు పడదు. నేను గడపలో తుమ్మితే ఆమడ దూరాన మడికొండలో ఎడ్లు బెదిరేవి (ఇదిగో, మొదలైంది). అందుకే అడవిలో పిట్టలను లెక్కపెట్టడానికి ఒక్క చలికాలానికి మనిషి కావాలని తెలియగానే, కాకికీ కోయిలకీ తేడా తెలియని నేను పరుగెత్తాను. పని నచ్చితే పక్కా నౌకరీకి సిఫారసు రాస్తానన్నాడు ఆ లెక్క చేయించే అధికారి, మా సాబు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు దుర్భిన్ సాబు. స్నానానికి పోయినా దుర్భిన్ మెడలోనే ఉండేది. నాయన మాత్రం ఒకటే మాటన్నాడు: "పోతే పో. ఎల్లగొడితే సక్కగ వచ్చి మిర్చిబస్తాల నడుమ కూసో."

సాబు పద్ధతి వేరు. కాగితం మీద రాయకూడదు, తల దించితే పిట్ట ఎగిరిపోతుంది. కుడిజేబు నిండా చింతగింజలు పోసుకోవాలి, ఒక పిట్ట కనబడితే ఒక గింజ ఎడమజేబులో వేసుకోవాలి. పొద్దెక్కాక ఎడమజేబు లెక్క రిజిస్టరుకెక్కుతుంది. గింజలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అమ్మను అడిగితే వేయించి, పొట్టు తీసి, ఉప్పునీళ్లలో నానబెట్టి మూట కట్టింది. "తినెటందుకు గాదమ్మా, లెక్కకు" అన్నాను. "లెక్కకైతే మాత్రం పచ్చియి ఎట్ల ఇయ్యాలె కొడుకా? పురుగు వడ్తయి" అంది.

ములుగు దాటాక అడవి, అడవిలో గుట్టలు. ఎంత నిటారు గుట్టలంటే, పైకి చూస్తే టోపీ జారేది, కిందికి చూస్తే ప్రాణం జారేది. తెల్లవారుతుండగా నన్నొక బండమీద కూర్చోబెట్టి, వడ్రంగిపిట్టలు మాత్రం లెక్కపెట్టమని చెప్పి, దారి చూపే కోయ తాతను వెంటబెట్టుకుని సాబు అవతలి గుట్టకు పోయాడు. చలికి నా పళ్లు వడ్రంగిపిట్ట కంటే గట్టిగా టకటకలాడుతున్నాయి. వాటికేదో పని చెబుదామని ఒక్క గింజ దవడన పెట్టాను. ఆ తరువాత పిట్ట కనబడినా, కనబడకపోయినా గింజ కుడిజేబు నుంచి ఎడమజేబుకు బయలుదేరేది కానీ, దారిలో నోరు తగిలేది. పొద్దెక్కేసరికి రెండు జేబులూ ఖాళీ.

"ఎన్ని, మియా?" అన్నాడు సాబు తిరిగొచ్చి.

నాకు మిర్చిబస్తాలు కనబడ్డాయి. "నలభై ఏడు, సాబ్."

"గింజలేవి?"

"లెక్క అయిపోయింది గద అని పారేసిన."

తాత నా దవడ వైపు ఒకసారి చూసి, "పిట్టలు మస్తుగనే పడ్డయి" అన్నాడు.

సాబు మాత్రం పొంగిపోయాడు. అన్ని వడ్రంగిపిట్టలను ఆయన జన్మలో చూడలేదు. "రేపు నేను గూడ ఈ బండమీదనే కూసుంట."

మర్నాడు మేమిద్దరం బండమీద, తాత కింద చెట్టు మొదట్లో. మొదటి పిట్ట కనబడగానే సాబు నా మూటలో చెయ్యి పెట్టి గింజ తీశాడు. వేలికి ఉప్పు తగిలింది. వేలు నాకాడు. గింజను చూశాడు, నన్ను చూశాడు, దవడన పెట్టుకున్నాడు. ఆ తరువాత ఇద్దరి నోళ్లు ఖాళీ లేవు. పొద్దెక్కేసరికి మూటా, ఇద్దరి జేబులూ ఖాళీ.

"తాతా, ఎన్ని?" అన్నాడు సాబు గొంతు సవరించుకుని.

"తొమ్మిది, సాబ్. అండ్ల రెండైతే మీరు నమిలే సప్పుడు ఇని, సుట్టాలొచ్చిండ్రనుకొని సూసిపోయినయి."

ఇక దాచి లాభం లేదని నేను సాబు ఎదుట నిలబడ్డాను. "సాబ్, నిన్నటి నలభై ఏడు పిట్టలు గావు. నేను తిన్న గింజలు." సాబు ఆఖరి గింజ నమలడం ఆపి, రిజిస్టరు తీసి, ఆ అంకె కొట్టేశాడు. "ఉప్పు జర ఎక్కువైంది. రేపటి సంది వాగుల గులకరాళ్లు ఏరుకో" అన్నాడు. అంతే. నన్ను చలికాలం దాటేదాకా ఉంచుకున్నాడు, సిఫారసూ రాశాడు.

ఇక మాట ప్రకారం లెక్క సరిచేస్తాను. ఎడ్లూ టోపీ ఎలాగూ మీరు నమ్మి ఉండరు. సాబు గింజలు తిన్నమాట నిజం, తాత అన్నమాట నిజం, ఉప్పు సంగతీ నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఒప్పుకోవడం. ఆ రోజు నేను నోరు విప్పలేదు. తాత మాటకు నవ్వుకుని సాబు నాకు గులకరాళ్ల పని చెప్పాడు తప్ప, ముందు రోజు అంకె జోలికే పోలేదు. ఆ అంకె చూసే 'కుర్రవాడి చూపు బహు చురుకు' అని సిఫారసు రాశాడు, దానితోనే సుబేదారి కచేరీలో నా నౌకరీ పక్కా అయింది. ఇప్పుడు సోడాబుడ్డి కళ్లద్దాల్లోంచి ఆ చురుకు చూపు కుర్రవాణ్ణి చూస్తే, ముందు చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, ఆనక జేబులో నాలుగు గింజలు పోయాలనిపిస్తుంది. ఎవరైనా ఆ రిజిస్టరు తిరగేసి, ఆ గుట్టమీది వడ్రంగిపిట్టలన్నీ ఏమైపోయాయా అని దిగులుపడుతుంటే, ఫికర్ చేయొద్దని చెప్పండి. అవి నాకు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ అంకే ఇంకా అరగలేదు.