సంతకం కరీం భాయ్‌ది

ఈసారి వానలకు గోడ చెమ్మగిల్లి కింది అరలోని పుస్తకాలు తడిశాయి. వాటిని ఫ్యాను కింద విప్పి పరుస్తుంటే తడిసిన పాత కాగితం వాసన గదంతా నిండింది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు కరీం భాయ్ గుర్తొస్తారు. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చుని, రాయకుండానే లేచాను. ఇప్పుడూ రాయకపోతే ఇక రాయను.

డెబ్బైల చివర్లో నేను దుబాయ్‌లో, క్రీక్ అనే ఉప్పుటేటి ఒడ్డున ఒక చిన్న క్లియరింగ్ ఆఫీసులో టైపిస్టుని. ఓడల్లో వచ్చిపోయే సరుకుకు కస్టమ్స్ కాగితాలు తయారుచేయడం మా పని. బందరులో బి.ఏ. చదివి వెళ్లిన నాకు అందులో ఓనమాలు కూడా తెలియవు. నేర్పింది కరీం భాయ్. నెల్లూరు మనిషి, అప్పటికే యాభై దాటినవారు. మా ఆఫీసు తరఫున కస్టమ్స్‌లో ఆయన సంతకం ఒక్కటే చెల్లేది. "ముందు సరుకు చూడబ్బయా, తర్వాత కాగితం రాయి. కాగితం చూసి సరుకు ఊహించుకోబాకు" అనేవారు.

పదేళ్లు ఒంటరిగా గడిపాక, ఆ ఏడు ఆయన భార్యకు వీసా వచ్చింది. సత్వా పేటలో మేం ఆరుగురం ఉండే ఫ్లాటు వదిలి, పక్క సందులో ఒక గది మాట్లాడుకున్నారు. ఆకుపచ్చ పరదాలు కొన్నారు.

"మరి మా వంట గతేంటి భాయ్?" అని అడిగాం.

"ఇన్నాళ్లూ నా పప్పు తింటా వంకలు పెట్టినారు గదరా. ఇంక మీది మీరే తిని చూడండి, తెలుస్తాది" అన్నారు. ఆయన అంత హుషారుగా ఉండడం నేను చూసింది ఆ నెలలోనే.

ఆయన పోర్టుకు వెళ్తే ఆఫీసులో పని ఆగిపోయేది. అందుకని మేనేజరు పోరి ఒక పద్ధతి పెట్టించాడు. భాయ్ వారానికోసారి ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి నా సొరుగులో పెట్టాలి, నేను నింపుకోవాలి. చాలా ఆఫీసుల్లో అదే నడిచేది. ఆయనకు ఇష్టం లేదు. అయినా చేసేవారు.

జెబెల్ అలీలో రేవు పనులు చూసే ఒక అమెరికన్ ఇంజినీరు, పని ముగించుకుని ఇంటికి వెళ్తూ తన సామాను పంపమని వచ్చాడు. ఒక ఫ్రేమును మాత్రం స్వయంగా చంకలో పెట్టుకుని తెచ్చాడు. అద్దం వెనక గోధుమరంగుకు తిరిగిన తోలు కాగితం. వాళ్ల దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, ఒక చిన్న రేవుకు కస్టమ్స్ అధికారిని నియమిస్తూ అప్పటి అధ్యక్షుడు సంతకం చేసిన ఉత్తర్వు అది. నీ నిజాయితీని నమ్మి ఈ పని అప్పగిస్తున్నాం అని అందులోని మాటల సారం. నియమితుడు ఇతని ముత్తాతకు తాత.

"అయితే మీ తాత మా డిపార్ట్‌మెంటే!" అన్నారు కరీం భాయ్ తనకొచ్చిన ఇంగ్లీషులో. ఇంజినీరు పెద్దగా నవ్వాడు.

అతను వెళ్లాక భాయ్ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు ఆ కాగితం మీదే వంగి ఉన్నారు. "చూడబ్బయా. సంతకం సిరా ఒక రంగు, పేరు సిరా ఇంకో రంగు. పెద్దాయన ముందే సంతకాలు పెట్టేసినాడు, పేరు ఏ గుమాస్తానో తర్వాత రాసుకున్నాడు. నా మాదిరే." ఫ్రేము నా బల్ల మీద పెట్టి, "దీన్ని విడిగా రాయాల. వెల ఎంతో ఆయన్నే అడిగి రాయి, మర్చిపోబాకు" అని చెప్పి పోర్టుకు వెళ్లిపోయారు.

అది గురువారం, ఆఫీసు ఒంటిపూటే. ఒంటిగంటకు సత్వా వైపు కంపెనీ వ్యాను, తర్వాత శుక్రవారం సెలవు. ఇంజినీరుకు ఫోను కలపలేదు నేను. వాడిన ఇంటి సామానుకు అలవాటుగా కొట్టే మాటే కొట్టాను: పాత కాగితం, ఫ్రేముతో, విలువ లేదు. కింద ఆయన సంతకం సిద్ధంగా ఉంది. వ్యాను అందుకున్నాను.

మూడు నెలలకు ఇంజినీరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఓడలో పెట్టె తడిసింది. సిరా మొత్తం చెదిరిపోయి, కాగితం మీద ఒక్క అక్షరం మిగల్లేదట. విలువ లేదని మీరే రాశారు కదా అని బీమావాళ్లు చేతులు దులుపుకున్నారు. ఇంజినీరు కంపెనీ మాతో పని మానేస్తానంది. మేనేజరు ఇద్దరినీ పిలిచి ఫారం బల్ల మీద కొట్టాడు.

"యే కిస్‌నే లిఖా?" ఇది రాసిందెవరని.

నేను ఫారం మీద నేను కొట్టిన అక్షరాల వైపు చూశాను.

"దస్తఖత్ మేరా హై, సాబ్" అని, సంతకం తనదేనని ఒప్పుకున్నారు కరీం భాయ్.

"తో ఖలాస్" అన్నాడు మేనేజరు. అంటే భాయ్ ఉద్యోగం పోయినట్టే.

బయటికి వచ్చాక, "భాయ్, నేను లోపలికెళ్లి చెప్పేస్తాను" అన్నాను.

"ఏం చెప్తావు? ఖాళీ కాగితం మీద సంతకం చేసింది నేనే గదా. నువ్వు చెప్తే ఇద్దరం పోతాం. పోయి కూర్చో."

కూర్చోమన్నారు. కూర్చున్నాను.

రెండు వారాల్లో ఆయన వీసా రద్దయింది. దాంతోపాటు, ఇంకా ఊళ్లోంచి బయలుదేరని భార్యదీ పోయింది. పరదాలు మా ఫ్లాటుకే ఇచ్చేశారు. ఆ నెలాఖరున కస్టమ్స్‌లో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయించారు. నియామకపు ఉత్తరం రెండుసార్లు చదివి, తీసుకున్నాను. ఆ కుర్చీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఒక్క ఖాళీ ఫారం మీద కూడా సంతకం చేయలేదు. జాగ్రత్తపరుడినని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా అలసటగా ఉండేది.

తిరిగి వచ్చేశాక నెల్లూరు వెళ్లాను. రెండు నెలలు ఆలస్యమైంది. ఆయన అప్పటికే పోయారు. ఆయన భార్యను మొదటిసారి చూసింది ఆ రోజే. చాప వేసి కూర్చోబెట్టారు.

"మీ గురించి శానా చెప్పేవాడు. బాగా చదువుకున్న పిల్లోడు అనేవాడు" అన్నారామె. "వచ్చేసినాక ఆయన చెప్పిన ఒక్కమాట మాత్రం నాకు నమ్మబుద్ధి కాలా. వక్కపొట్లం చించినా, ఆ కాగితం చదివిగాని పారేసేవాడు కాదు. అట్టాంటోడు ఆ దొర కాగితానికి వెల లేదని ఎట్ట రాసినాడా అని. అడిగితే, పొరపాటైపోయింది, నేనే రాసినా అనేవాడు."

అంటే ఇంట్లో కూడా చెప్పలేదు. అప్పుడు చెప్పాను. వ్యాను సంగతితో సహా అన్నీ చెప్పాను.  ఆమెకు కోపం వస్తుందేమోననీ, వస్తే బాగుండుననీ ఎదురుచూశాను.

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలా నాయనా?" అని మాత్రం అడిగారు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

భాయ్ కూర్చోమన్నారు కాబట్టి అని చెప్పబోయాను. తన కుర్చీలో కూర్చోమని మాత్రం ఆయన అనలేదు. ఆమె ఇంకా నా మొహంలోకే చూస్తున్నారు.