తవిటయ్య మూడో చుట్టు

తవిటయ్య కార్ఖానాలో ఖలాసీ. గొలుసులు, పుల్లీలు వేసి బరువులెత్తించే పని. పదిహేడేళ్ల వయసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో కుదురుకున్నాడు. ఆదివారాల్లో మాత్రం తప్పెటగుళ్ల గురువు. గుండెకు కట్టుకున్న తప్పెట వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఎగిరే ఆట అది. రేకు కోసి చట్రం తనే వంచేవాడు. సాక్చి బజారులో కొన్న మేకతోలు నానబెట్టి తనే బిగించేవాడు. సిద్ధగోరా దగ్గరి మైదానంలో పద్నాలుగు మంది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆట మొదలుపెట్టేవారు. ఎండకు తోలు బిగుసుకుని బాగా పలుకుతుందని ఆ వేళ.

1983లో శాంత వచ్చింది. బిష్టుపూర్‌లో ఉండే ఇంజనీరు నారాయణమూర్తి గారి కూతురు. కలకత్తాలో నాట్యం ఆనర్సు చదువుతోంది. చివరి ఏడాది పరిశోధన వ్యాసం రాయాలి. అది బాగుంటేనే ఫస్ట్ క్లాసు, ఫస్ట్ క్లాసు వస్తేనే పై చదువుకు సీటు. తవిటయ్య ఆటనే విషయంగా తీసుకుంది. టేప్‌రికార్డరు పెట్టేసి ఊరుకోలేదు. కలకత్తా నుంచి వచ్చినప్పుడల్లా గజ్జెలు కట్టి వరస చివర నిలబడి అడుగులు నేర్చుకుంది. తవిటయ్యకు ఆ అమ్మాయంటే గౌరవం అందుకే.

మూడో చుట్టు సగంలో అందరూ ఒక్కసారిగా ఆగుతారు. అరచేతులు తోలు మీద ఆనించి, తలెత్తి, ఇరవై లెక్కపెట్టేంత సేపు కదలరు. తరవాత మళ్లీ అందుకుంటారు. అదేమిటని శాంత అడిగితే తవిటయ్య తడుముకోలేదు.

"మా మేనమావ నేర్పిందే అమ్మాయిగారూ. పెద్దోళ్లిచ్చింది."

అమ్మవారు పూనే ముందరి మౌనమని శాంత దాని మీద ఒక అధ్యాయమే రాసింది. వ్యాసానికి అదే ప్రాణమని ప్రొఫెసరు మెచ్చుకున్నాడు.

వ్యాసం ఇవ్వడానికి పది రోజులుందనగా, ఆదివారం ఆట మొదలుకాకముందు, ఆ అధ్యాయాన్ని తెలుగులో చెప్పి వినిపించింది. తవిటయ్య బావమరిది అసిరయ్య నవ్వాపుకోలేక నేల మీద కూలబడ్డాడు.

"అమ్మోరు కాదు తల్లీ, భోంపు! కార్ఖానాలో షిఫ్టు మారేటప్పటి రెండు గంటల సైరను! కార్ఖానా గోడ పక్కన ఆడీటప్పుడు ఆ మోతకి మన తప్పెట ఇనపడేది కాదు. అది అయ్యేదాకా ఆగిపోయేవోళ్లం. అలవాటైపోనాది. ఇప్పుడు ఈ మైదానంలో అది ఇనపడకపోయినా, దసరా పూజల్లో సాయంత్రంపూట ఆడినా ఆగతన్నాం."

"నోర్ముయ్యి," అన్నాడు తవిటయ్య. "మా మావ నేర్పినాడు."

"మీ మావ ఊర్లో కార్ఖానా ఏది బావా? రెండు గంటలకి మేకలు కూసీవా?"

అందరూ నవ్వారు. తవిటయ్య నవ్వలేదు. మామ నేర్పింది అడుగు మార్చకుండా ముప్పై ఏళ్లు నిలిపానన్నదే అతని పరువు. నలుగురూ గురువని పిలిచేది అందుకే.

మర్నాడు పొద్దున్నే క్వార్టరు వెనక ఒక్కడే తప్పెట కట్టుకుని ఆడి చూశాడు. మూడో చుట్టులో కాళ్లు వాటంతటవే ఆగాయి. మళ్లీ ఆడాడు. మళ్లీ ఆగాయి. కళ్లు మూసుకుని, ఊళ్లో మామ ఆట నేర్పిన కళ్లాన్ని తలుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా ఆ చోటే మామ వెనక నుంచి మడమల మీద బెత్తంతో తట్టి ఇంకా జోరందుకోమనేవాడు.

"డూటీకి ఏళవుతుంటే ఈ గెంతులేటి?" అని గుమ్మంలోంచి అరిచింది అతని భార్య నూకమ్మ.

పని దిగాక తిన్నగా నారాయణమూర్తి గారింటికి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, శాంతకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

నారాయణమూర్తి గారు అడ్డుపడ్డారు. "ఇంక తొమ్మిది రోజులే ఉంది. కలకత్తాలో ఎవరికి తెలుస్తుంది తవిటయ్యా? అలాగే ఉండనీ. నీకూ మర్యాద."

"బాబూ, పైన బోల్టు తప్పు బిగించినానని నాకు తెలిసిపోనాది. కిందోళ్లకి కనపడదని దిగిపోతానా? ఎక్కి ఇప్పాల."

"ఆ అధ్యాయం పోతే నా వ్యాసంలో ఏముంటుంది?" అంది శాంత.

"అడుగులుంటాయమ్మా. మీ కాళ్లతో నేర్సుకున్నారు. అయి నిజం."

శాంత ఆ అధ్యాయం తీసేసి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. తరవాతి ఆదివారం తవిటయ్య తన జట్టు ముందు తప్పు ఒప్పుకుని, ఇక ఆగొద్దు, మామ ఆడినట్టే ఆడదామన్నాడు. ఆడారు. నాలుగో చుట్టుకు అసిరయ్య డొక్కలు పట్టుకుని కూర్చుండిపోయాడు. మరో ఇద్దరు మోకాళ్ల మీద చేతులానించి వంగిపోయారు.

"మీ మావ కాడ నీకు పదిహేనేళ్లు బావా. ఇప్పుడు మనకి యాభై. ఆ భోంపు లేకపోతే ఎప్పుడో సచ్చిపోదుం!"

తవిటయ్యకూ ఎగశ్వాస వస్తోంది.

"ఏమని రాయను గురువుగారూ?" అంది శాంత.

కాస్త తేరుకున్నాక అన్నాడు. "మొదలు భోంపుకి. ఇప్పుడు ఊపిరికి. రెండూ రాయండి. సేర్సింది తవిటయ్యా, ఆడి జట్టూ అని కూడా రాయండి. మావ మీదకి తొయ్యొద్దు."

ప్రొఫెసరుకు ఆ మార్పు నచ్చలేదు. శాంతకు సెకండ్ క్లాసే వచ్చింది. కోరుకున్న సీటు రాలేదు. ఆ వేసవిలో వ్యాసం కాపీ ఒకటి తెచ్చి తవిటయ్య చేతికిచ్చింది. తనకు చదవడం రాదు కనుక, తన పేరెక్కడుందో చూపించమన్నాడు. శాంత రెండు చోట్ల వేలుపెట్టి చూపించింది: మామ దగ్గర నేర్చుకున్నాడన్న చోట, దాన్ని మార్చాడన్న చోట.