అత్తమ్మ ఎండలో మెట్టతామరలు

మా ఇంట్లో ఆడపిల్లల చేతికి పలక ఇవ్వలేదు. నా పిల్లల పెళ్లిళ్లన్నీ అయ్యాక, మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే సాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తల్లో జరిగిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

మిర్యాలగూడలో మా ఇల్లు రైసుమిల్లు ఆవరణలోనే ఉండేది. అక్కడ ఎండంతా వడ్లదే. ఆరబోసిన వడ్లను మేమెవరం తొక్కేవాళ్లం కాదు. వడ్లకూ ఇంటి గోడకూ మధ్య సన్నటి జాగా మిగిలేది. పొద్దుటి ఎండ నేరుగా ఆ గోడ మీద పడేది.

ఒక ఎండాకాలం కోదాడలోని పుట్టింటి నుంచి మెట్టతామర గడ్డలు తెచ్చుకున్నాను. రెల్లులా నిటారుగా పెరిగి ఎర్రగా పూసే మొక్కలవి. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావని అమ్మ చెప్పింది. అత్తమ్మను అడిగితే, "పెట్టుకో బిడ్డా, గోడ పొంటి ఖాళీయే గద" అంది. వానలకు అవి నా ఎత్తు పెరిగి విరగబూశాయి.

చలి మొదలయ్యాక గానీ నాకు గుర్తు రాలేదు. ఏటా చలికాలం అత్తమ్మ ఆ గోడకే వీపు ఆనించి మోకాళ్లకు ఎండ కాచుకునేది. ఈసారి పీట పట్టుకుని వచ్చి, మొక్కలను చూసి, మిల్లు గేటు దగ్గర ఎండలోకి వెళ్లి కూర్చుంది. వడ్ల లారీ వచ్చినప్పుడల్లా నొప్పి కాళ్లతో లేచి పీట జరుపుకునేది. నేను చూస్తూనే ఉన్నాను. పూలు అయిపోయేదాకా ఆగుదామనుకున్నాను. అవేమో ఒకటి రాలితే ఇంకొకటి పూసేవి.

సూర్యాపేట నుంచి అత్తమ్మ ఆడబిడ్డ వచ్చింది.

"ఏంది వదినె, గీ దుమ్ముల కూసున్నవ్? లారీలకు కావలి కాస్తున్నవా?" అని నవ్వింది.

"మా కోడలు పెట్టిన పూలు గీడికెల్లి మంచిగ కనవడతయని కూసున్న. ఎట్లున్నయో సూడు" అంది అత్తమ్మ.

చాయ్ గ్లాసులతో గడపలో నిలబడ్డ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ, తప్పయిందని చెప్పాలనుకున్నాను. "జర గట్టిగ రుద్దు, పీనుగకు రాసినట్టు రాస్తవేంది?" అని ఆమె కసురుకుంది. గట్టిగా రుద్దాను.

మరునాడు పొద్దున్నే, ఆమె లేవకముందే, గడ్డపారతో గోడ మధ్యలోని మొక్కలు పెకిలించాను. అన్నీ తీయడానికి చెయ్యి రాలేదు. ఒక మనిషి కూర్చునేంత జాగా మాత్రం చేసి, మన్ను అణగదొక్కి, అక్కడ పీట వేశాను.