తిరుత్తణికి తీసుకెళ్ళిన తేట నీళ్ళు

వెంగల్‌లో మా మామ వేయించిన కొత్త బోరు నీళ్ళు పట్టిన కాసేపటికే ఎర్రబడతాయి, బిందె లోపల నల్లటి మడ్డి కడుతుంది. ఎరుపు ఇనుముది, సరే. ఆ నలుపు మాంగనీసుదేమోనని నా అనుమానం. అది మోతాదు మించితే పసిపిల్లలకు మంచిది కాదు. మామ కూతురు గౌరి ఏడు నెలల పాపతో పుట్టింట్లోనే ఉంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషిని, అనుమానం వచ్చాక ఊరుకోవడం నా వల్ల కాదు. తిరుత్తణి అవతల ఒక కాలేజీలో, నీళ్ళలో కరిగిన మాంగనీసును పట్టి చూపే ఈఎస్సార్ యంత్రం ఉంది. బతిమాలితే పదకొండు నుంచి ఒంటిగంట దాకా సమయం ఇచ్చారు. నాలాగే నీళ్ళో మట్టో పట్టుకుని అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

వెంగల్ నుంచి తిరువళ్ళూరుకు బస్సులో గంట దాకా పడుతుంది. నాకు మాత్రం ఒక పూట పట్టినట్టనిపించింది. అక్కడి నుంచి తిరుత్తణికి లోకల్ రైలు మేలు, టికెట్టు పది రూపాయలే, కాకపోతే అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది. కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను, నిలబడలేక మళ్ళీ కూర్చున్నాను. తిరువాలంగాడు దాటాక ఊరికే సంచి తెరిచి, అత్త పొద్దున నింపి ఇచ్చిన సీసా బయటికి తీశాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎరుపు జాడే లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"అత్తా, ఈ నీళ్ళు యాడ పట్టినావు?"

"యాడేంది మా, మన బోరులోనే. రాత్రే పట్టి, కుండలో తేత్తాంకొట్ట రుద్ది తేర్చినాను. పొద్దున పైతేట వంచినాను."

తేత్తాంకొట్ట అంటే చిల్లగింజ. కుండ లోపల దాన్ని అరగదీసి నీళ్ళు పోస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. మా అత్త చేతికి అది ఉప్పంత అలవాటు.

"బోరులోంచి నేరుగా పట్టమన్నాను కదా!"

"ఆ ఎర్రనీళ్ళు పరాయోళ్ళకి ఎట్ల పంపేది? కాలేజీలో నలుగురు చూస్తే మన మానం పోదా?"

పళ్ళు నూరుకున్నాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ పట్టుకురావాలంటే ఇచ్చిన సమయం దాటిపోతుంది, మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. ఆ కోపంలోనే ఎటూ తేల్చుకోలేక ఉండగా రైలు అరక్కోణం దాటి తిరుత్తణి చేరింది. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. నూట ఇరవై అన్నాడు, నూటికి వచ్చాడు. కృత్తిక రోజు కావడంతో రోడ్డంతా కొండ మీది గుడికి మొక్కు మోసుకెళ్ళే కావళ్ళే. "కొంచెం తొందరగా పోనీయన్నా" అని నేను మూడోసారి అనేసరికి అతను వెనక్కి తిరిగాడు. "ముందర సామి కావడి పోతా ఉండాది అక్కా. దానిమింద ఎక్కించమంటావా?"

యంత్రం నడిపే మురళిది ఊత్తుకోట, మన తెలుగువాడే. సీసా చేతికిస్తూ జరిగింది చెప్పాను. నవ్వాడు. "వచ్చినారు కదా మేడం, చూస్తాం." ఈఎస్సార్‌కు జత లేని ఎలక్ట్రాన్లు ఉన్న పదార్థాలే కనబడతాయి. నీళ్ళలో కరిగిన మాంగనీసు అలాంటిదే, అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవ్ పంపితే ఆరు గీతలుగా బయటపడుతుంది. మైక్రోవేవ్‌ను నీళ్ళే మింగేస్తాయి కాబట్టి సన్నటి గాజు గొట్టంలో ఒక్క పోగంత నీరే పోయాలి. ఎంత ఉందో ఆ గీతలు వాటంతట అవి చెప్పవు. మాంగనీసు ఎంత కలిపామో తెలిసిన నీళ్ళను ముందు అదే గొట్టంలో, అదే చోట, అదే వేడిలో పెట్టి కొలవాలి. తర్వాత రెండింటి గీతల వైశాల్యాలూ పోల్చాలి.

మురళి ముందు తెలిసిన నీళ్ళు పెట్టాడు, తర్వాత మావి. తెర మీద ఏమీ రాదనుకుంటూ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆరు గీతలూ ఒక్కొక్కటిగా లేచాయి. అతను ఇంకోసారి కొలిచాడు. అవే.

"హద్దుకు చానా పైన ఉండాది మేడం. ఇది బోరు నీళ్ళని రాయనా, కుండ నీళ్ళని రాయనా?"

అప్పటిదాకా నాకా ప్రశ్నే తట్టలేదు. బయటికొచ్చి ఫోన్ చేశాను.

"అత్తా, ఆ కుండ నీళ్ళు ఎవరు తాగతా ఉండారు?"

"అందరమూ అవే కదమ్మా. పాపకి జావ కూడా వాటితోనే కాస్తా ఉండాను." ఎన్నాళ్ళ నుంచని నేను అడిగేసరికి ఆమె గొంతు మారింది. "ఏం మా, తెల్లగానే ఉండాయి కదా?"

చెప్పాను. తర్వాత కుండ వంచిన చప్పుడు, వెంటనే "గౌరీ, ఆ జావ పాపకి పెట్టొద్దు!" అన్న కేక వినబడ్డాయి.

తిరుగు రైలులో కిటికీ పక్కనే సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. చిల్లగింజ మడ్డిని దించుతుంది, కరిగిపోయినదాన్ని అదేం చేస్తుంది? పాపను రేపే డాక్టరుకు చూపిస్తారు, ఇంటికి క్యాన్ నీళ్ళు వస్తాయి, అంతవరకు నయం. నేను అడిగినట్టే అత్త బోరు నీళ్ళు పట్టి ఇచ్చి ఉంటే, బోరు చెడ్డదని రాయించుకుని వచ్చేదాన్ని. "మేం తేర్చుకునే తాగతాం కదా" అని ఆమె అనేది, నేనూ సరేననేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. మీరు వెళ్ళేటప్పుడు రెండు సీసాలు పట్టుకెళ్ళండి: ఒకటి బోరు దగ్గర పట్టింది, రెండోది ఆ ఇంట్లో పిల్లలకు తాగించే కుండలోంచి ముంచింది.