కూర్చోవడానికి శిక్షణ

చావంటే నాకు చచ్చేంత భయం. నాన్న చివరి రోజుల్లో మంచం మా కిరాణా అంగడి వెనక గదిలోనే వేశాం. నేను మాత్రం గల్లాపెట్టె దగ్గర నుంచి కదల్లేదు. బేరాలు ఎక్కువగా ఉన్నాయని ఇంట్లో సాకు చెప్పేవాణ్ణి. ఆయన పోయినప్పుడు ఎవరికో కందిపప్పు తూస్తున్నాను.

అందుకే, అక్కకు క్యాన్సర్ ముదిరిందని, ఇక మందులు పనిచేయవని నంగలి నుంచి బావ ఫోన్ చేసినప్పుడు ఆమెనూ అలాగే వదిలేస్తానేమోనని భయం వేసింది. చివరి దశ రోగులకు తోడుండే వాలంటీర్లకు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో శిక్షణ ఇస్తున్నారంటే పోయి చేరాను. సేవ అని అందరికీ చెప్పాను గానీ అంతా నా స్వార్థమే.

అక్కడి నర్సమ్మ నేర్పింది తక్కువే. నిలబడి మాట్లాడొద్దు, కూర్చోండి. ఉత్త ధైర్యాలు చెప్పొద్దు. ఏమీ తోచకపోతే నోరు మూసుకోండి. ఈమాత్రం దానికి శిక్షణ ఎందుకనుకున్నాను.

మొదటి రోజే బోల్తా పడ్డాను. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, నాకు బాగవుతాదా?" అన్నాడు. అంగట్లో లేదనే మాట అనకూడదని మా ఇంటి నియమం. సరుకు అయిపోతే రేపు వస్తుందనాలి. చిన్నప్పటి నుంచి అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"రేపటికంతా సర్దుకుంటాది తాతా" అనేశాను.

ఆయన దగ్గుతూనే నవ్వాడు. "నువ్వు అంగడాయనవి కదప్పా! లేని సరుకుకు నన్ను రేపు రమ్మంటా ఉండావు."

సిగ్గుతో బయటికి వచ్చేశాను. నర్సమ్మ వదల్లేదు. "భయం అందరికీ ఉంటాదన్నా. ఆ భయంతోనే పోయి కూర్చోండి" అని మళ్లీ లోపలికి పంపింది. అరగంట కూర్చున్నాను. భయం అలాగే ఉంది. ఆయన ఇంకేమీ అడగలేదు, మళ్లీ పట్టుకున్న నా చెయ్యీ వదల్లేదు.

ఆ ఆదివారం నంగలికి బయలుదేరాను. దారిలో ముళబాగిలులో బస్సు దిగేసి వెనక్కి పోదామనుకున్నాను. దిగను కూడా దిగాను. టీ తాగి, నన్ను నేనే తిట్టుకుని ఇంకో బస్సెక్కాను.

అక్క చిక్కి సగమైపోయింది. బావ డెయిరీలో పాలు పోయడానికి వెళ్లగానే, "నేను బతుకుతానా రా? నువ్వన్నా నిజం చెప్పు" అంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"లేదక్కా."

ఎంత పాపం చేశానో అనుకున్నాను.

"ఇంట్లో అందురూ బాగవుతాదంటా ఉండారు" అంది. "ఇంగ భయమేస్తా ఉండాదని ఎవురికి చెప్పుకునేది రా? నువ్వు లెయ్యొద్దు."

బావ వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఆమె ఒక్కొక్క భయమే బయటపెడుతుంటే వింటూ కూర్చున్నాను. అన్నీ నావే.