బావ తనకు తాను వేసుకున్న కవర్లు

మా బావ కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. నడుపుతాడని మర్యాదకి అంటున్నాను, నిజానికి అది దానంతటదే నడుస్తోంది. చూపు మసకబారిందని వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, ఈయన భూతద్దంతో పాత పోస్టు కవర్ల మీది ముద్రలు చూసుకుంటాడు. కవరులోని ఉత్తరం ఆయనకు అక్కర్లేదు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరి ఉద్యోగం ఊడింది, ఇదంతా చెత్త. ఆ కవరు ఏ రోజున ఏ దారిన ఊళ్లోకి వచ్చింది, ముద్ర నల్ల సిరాతో పడిందా ఊదా సిరాతో పడిందా, అదీ చరిత్ర.

మూతపడ్డ మిల్లు అటక మీంచి దించిన కవర్లను ఒకసారి గోనెసంచితో మోసుకొచ్చాడు. ఎలుకలు కొట్టినవి ఒక పక్క, కొట్టనివి ఒక పక్క పెట్టి, రాత్రీ పగలూ ముందేసుకుని కూర్చున్నాడు. పెళ్లికి ముందు మా అక్కను కూడా అంత పరీక్షగా చూసి ఉండడు. చివరికి తేల్చిందేమిటంటే, వంతెన కట్టకముందు మా ఊరి టపా పడవలో వచ్చేదట. ఆ సంగతి అంతవరకూ ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియనందుకు ఎవరూ బెంగపెట్టుకున్నట్టు కూడా లేదు.

అక్క మా వీధి పోస్టాఫీసులో పోస్టుమాస్టరు. ఇల్లు ఆ వెనకాలే. బావ అక్కను చూసి చేసుకున్నాడో, ఆమె చేతిలోని ముద్రను చూసి చేసుకున్నాడో ఇప్పటికీ తేలలేదు. రోజూ పొద్దున్నే తన పేరే రాసుకున్న ఖాళీ కవర్లు, స్టాంపులు అంటించి మరీ డబ్బాలో వేస్తాడు. అక్క ముద్ర వేస్తుంది, పోస్టుమాన్ నాలుగడుగులు నడిచి వెనక గుమ్మంలో ఇస్తాడు. ముద్ర ఎలా అరుగుతూ వస్తోందో భావి తరాలకు తెలియాలట. కాస్త అలికినట్టు పడిందా, ఆ పూట అన్నం దగ్గర అక్కకు పాఠం.

ఇలా ఉండగా, టపా తక్కువగా ఉన్న చిన్న ఆఫీసులు మూసేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఒక అధికారి వచ్చి వారం రోజులు కూర్చుని లెక్క చూస్తాడు. మూసేస్తే అక్కను దూరాన ఉన్న పెద్దాఫీసుకు మారుస్తారు. అక్కడ గది తీసుకుని ఒంటరిగా ఉండాలి, సెలవులకు మాత్రమే ఇంటికి రావాలి.

"నాకు ఈ కిటికీ వదిలి వెళ్లాలని లేదే" అంది అక్క నాతో, స్టాంపులు అమ్మే కిటికీ దగ్గర కూర్చుని. ఆమె నోటి వెంట నాకిది కావాలి, ఇది వద్దు అన్న మాట నేను వినడం అదే మొదలు.

జనమంతా ఫోన్లలో పడ్డాక మా టపా సంచిలో సగం బావే. అది తట్టగానే దుకాణానికి పరుగెత్తాను.

"బావా, ఈ వారం కూడా రోజూ వేసినట్టే కవర్లు వెయ్యి. నోరు మాత్రం విప్పకు."

"నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా? స్టాంపు అంటించేగా వేస్తున్నాను."

"చెయ్యట్లేదు. అందుకే చెబుతున్నా, మాట్లాడకు."

మాట నిలబెట్టుకున్నాడు, ఆఖరి రోజు సాయంత్రం దాకా. కవర్ల మీది పేర్లు చూడకుండా సంఖ్య మాత్రమే రాసుకున్న అధికారి పుస్తకం మూసి, బొటాబొటిగా సరిపోయేలా ఉందని అన్నాడు. అక్క ముఖం విప్పారింది. టీ తాగి వెళ్లమని ఇంట్లోకి పిలిచింది. పెద్దమనిషి కూర్చుంటూ గోడమీద అద్దం కట్టించిన కవరును చూసి, "ఇదేమిటండీ?" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. నేను కళ్లెర్రజేశాను. కళ్లజోళ్లు అమ్మేవాడికి నా కళ్లు కనబడలేదు. మొదటి ఆల్బం వచ్చింది, దాని వెనకే రెండోది. ఆ అధికారి ఊరికే తలూపి ఊరుకునే రకమైనా బతికిపోయేవాళ్లం. కుర్చీ ముందుకు జరుపుకుని మరీ పడవ టపా గురించి అడిగాడు, వరదలో తడిసిన కవరును వెలుతురుకు పట్టి చూశాడు. టీ చల్లారిపోయింది. బావ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చివరి ఆల్బంలో ఆ వారం కవర్లున్నాయి.

"ఇవి ఎవరు పంపారు?"

"నేనే. రోజూ వేసుకుంటాను" అన్నాడు బావ, బహుమతి అందుకుంటున్నట్టు.

అధికారి కళ్లజోడు తీసి అక్క వైపు తిరిగాడు. మంచివాడే, పాపం. "అమ్మా, పోస్టుమాస్టరు ఇంటాయన తనకు తానే వేసుకున్నవి లెక్కలో ఉంచలేను. ఉంచితే రేపు మీకే మాటొస్తుంది" అన్నాడు.

ఆఫీసు మూసేశారు. నేను బావను తిట్టవలసినవన్నీ తిట్టాను. తిట్టకూడనివి కూడా కొన్ని తిట్టాను. భోజనానికి పిలిస్తే బావ వచ్చి కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచిపోయేవాడు.

అక్క వెళ్లే రోజు పెట్టె బావే మోసుకొచ్చి బస్సులో సర్ది, కిందికి దిగి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"నేను ఆ ఆల్బం తియ్యకుండా ఉండాల్సింది" అన్నాడు.

అక్క బస్సు కిటికీ అద్దం ఇంకాస్త పక్కకి జరిపింది.

"తియ్యకుండా ఎలా ఉంటారు? ఇన్నేళ్లలో ఇవేమిటని మిమ్మల్ని అడిగింది ఆయనొక్కడే. నేను కూడా అడగలేదు."